రైతు డబ్బు ఖాతాలో పడలేదా? ఎక్కడ ఆగిందో కనిపెట్టి సరిచేయించుకోవడం ఎలా

విడత డబ్బులు వేశారని టీవీలో చెప్పిన మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు నలుగురైదుగురు నిలబడి ఉంటారు. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాస్‌బుక్ జిరాక్సు. "అందరికీ పడ్డాయంట, నాకు పడలేదు. ఒకసారి ఫోన్లో చూడయ్యా" అంటారు. అప్పటికే వాళ్లు రెండు మూడు చోట్లకి తిరిగొచ్చి ఉంటారు. బ్యాంకులో వ్యవసాయ ఆఫీసుకి పొమ్మన్నారు, అక్కడ తహసీల్దార్ ఆఫీసుకి పొమ్మన్నారు, తహసీల్దార్ ఆఫీసులో "మా దగ్గర అంతా కరెక్టుగానే ఉంది" అన్నారు. 2,000 రూపాయల కోసం ఆటో చార్జీలూ పోయిన కూలీ కలిపితే సగం అక్కడే అయిపోతుంది.

మాది మధిర వైపు. అమ్మ పుట్టిల్లు తిరువూరు దగ్గర. అందుకని తెలంగాణ పథకాలూ, ఆంధ్ర పథకాలూ రెండింటి కాగితాలూ మా ఇంట్లో నలుగుతూనే ఉంటాయి. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒక్కటే. ప్రభుత్వం నుంచి బయల్దేరిన డబ్బు మీ ఖాతాకి చేరేలోపు భూమి రికార్డు, పథకం జాబితా, ఈ-కేవైసీ (మీరు మీరేనని ఆధార్‌తో రుజువు చేయడం), ఆధార్-బ్యాంకు లింకు, బ్యాంకు ఖాతా అనే ఐదు గేట్లు దాటాలి. ఏ గేటు దగ్గర ఆగిందో ముందు ఇంట్లో కూర్చునే తెలుసుకోవాలి, ఆ తర్వాతే గడప దాటాలి. ఎందుకంటే ఒక్కో ఆఫీసు ఒక్కో గేటు మాత్రమే తెరవగలదు.

ముందు, మీకు రావాల్సింది ఏ డబ్బు?

ఊళ్లో అన్నిటినీ కలిపి "రైతు డబ్బులు" అనేస్తాం. కానీ ఒక్కోదానికి దారి వేరు.

పీఎం కిసాన్ కేంద్రం ఇచ్చేది. 2019 ఫిబ్రవరి 24న మొదలైంది. ఏడాదికి 6,000 రూపాయలు, నాలుగు నెలలకోసారి 2,000 చొప్పున మూడు విడతలు. ఎకరా ఉన్నా పదెకరాలున్నా అంతే. తెలంగాణలో రైతుభరోసా దీనికి అదనం, అది ఎకరాల లెక్క. 2018 మే నెలలో రైతుబంధు పేరుతో ఎకరాకి పంటకి 4,000తో మొదలై, తర్వాత 5,000 అయింది. 2025 జనవరి 26 నుంచి రైతుభరోసాగా ఎకరాకి పంటకి 6,000, అంటే ఏడాదికి 12,000. ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ కింద రైతు కుటుంబానికి ఏడాదికి 20,000. ఇందులో కేంద్రం 6,000 కలిసే ఉంటుంది, రాష్ట్రం వాటా 14,000. 2025 ఆగస్టు 2న మొదటి విడతగా 7,000 పడింది చూడండి, అందులో 5,000 రాష్ట్రానిది, 2,000 కేంద్రానిది. నవంబర్ 19న కూడా అంతే.

ఈ విడదీత ఎందుకు చెబుతున్నానంటే, ఆంధ్రలో ఎవరికైనా 5,000 పడి 2,000 పడకపోతే రాష్ట్రం రికార్డులో మీరున్నారు, కేంద్రం వైపు ఏదో ఆగిందని అర్థం. 2,000 పడి 5,000 పడకపోతే ఉల్టా. ఏ మొత్తం పడిందో చూస్తేనే సగం జబ్బు తెలుస్తుంది. అందుకే "డబ్బులు పడలేదు" అని కాకుండా "ఫలానా పథకం, ఫలానా విడత పడలేదు" అని చెప్పడం అలవాటు చేసుకోండి. ఆఫీసులో మాట్లాడే తీరే మారిపోతుంది.

మొదటి అడుగు: ఫోన్లో స్టేటస్ చూడటం

పీఎం కిసాన్‌కి pmkisan.gov.in అని ఇంగ్లిషులో కొట్టాల్సిన సైటు ఒక్కటే అసలైనది, అంటే పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర 'గవ్ డాట్ ఇన్' లేకపోతే ముట్టుకోవద్దు. అందులో ఫార్మర్స్ కార్నర్ అనే భాగంలో 'నో యువర్ స్టేటస్' నొక్కాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతుంది. చాలామందికి అది గుర్తుండదు, కంగారు పడక్కర్లేదు. అక్కడే పైన 'నో యువర్ రిజిస్ట్రేషన్ నంబర్' అని ఉంటుంది, ఆధార్ నంబరు గానీ ఫోన్ నంబరు గానీ ఇస్తే వస్తుంది. ఆ నంబరు కొట్టాక ఫోన్‌కి ఓటీపీ వస్తుంది.

తెరుచుకున్న పేజీలో మూడు మాటలు వెతకండి. ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డు కలిపారా), ఈ-కేవైసీ, ఆధార్ బ్యాంక్ అకౌంట్ సీడింగ్ (ఆధార్ బ్యాంకుకి ముడిపడిందా). మూడింటి పక్కన 'యెస్' అని ఉండాలి. ఒక్కదాని పక్కన 'నో' ఉన్నా మీ డబ్బు అక్కడే ఆగింది. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. దాన్ని చూపించి అడిగితే ఎవరూ "మా పరిధి కాదు" అని తేలిగ్గా పంపేయలేరు.

మూడూ 'యెస్' ఉండి డబ్బు రాకపోతే కిందికి వెళ్లి విడతల వివరాలు చూడండి. 'ఎఫ్‌టీఓ జనరేటెడ్, పేమెంట్ కన్ఫర్మేషన్ పెండింగ్' అని ఉంటే డబ్బు పంపమని ఆదేశం వెళ్లిపోయింది, బ్యాంకు నుంచి ఖరారు రావాలి. నాలుగైదు రోజులు ఆగండి. 'ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్' అంటే రాష్ట్రం మీ పేరు సరిచూసి కేంద్రానికి పంపింది. ఇది కూడా మంచి కబురే. 'రాష్ట్రం ఆమోదం కోసం పెండింగ్' అన్న అర్థం వచ్చే మాట కనిపిస్తే మాత్రం బ్యాంకుకి వెళ్లి లాభం లేదు, వ్యవసాయ శాఖ వాళ్ల దగ్గరికే వెళ్లాలి.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు 155261కి ఫోన్ చేయొచ్చు. ఆంధ్రలో అన్నదాత సుఖీభవ కోసం 155251, లేదా మన మిత్ర వాట్సాప్ నంబరు 9552300009లో ఆధార్ ఇచ్చి చూసుకోవచ్చు. తెలంగాణలో రైతుభరోసా గురించి మీ క్లస్టర్ ఏఈఓని (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగడమే సులువు, ఆయన లాగిన్‌లో పట్టాదారు పాస్‌బుక్ నంబరు కొడితే ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది.

రెండో అడుగు: అసలు మనకి అర్హత ఉందా?

ఇది తొందరగా తేల్చేసుకోవచ్చు. ఇంట్లో ఎవరైనా కిందటేడు ఆదాయపు పన్ను కట్టినా, ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా, నెలకి 10,000 లేదా అంతకు మించి పింఛన్ తీసుకునే రిటైర్డ్ ఉద్యోగి ఉన్నా పీఎం కిసాన్ రాదు. నాలుగో తరగతి ఉద్యోగులకి మాత్రం మినహాయింపు ఉంది. ప్రాక్టీసులో ఉన్న డాక్టరు, లాయరు, ఇంజనీరు, చార్టర్డ్ అకౌంటెంట్ లాంటివాళ్లకీ రాదు. ఇక్కడ ఇల్లంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు. పెళ్లయి వేరే ఉన్న కొడుకు ఉద్యోగం చేస్తున్నాడని తండ్రి డబ్బు ఆగదు. ఈ విషయం తెలియక ఊరుకున్న పెద్దవాళ్లని నేను చూశాను.

భార్య పేరున కొంత, భర్త పేరున కొంత భూమి ఉన్నా ఇంటికి ఒక్కరికే వస్తుంది. ఇద్దరికీ వస్తున్నట్టు అనుమానం ఉన్న ఖాతాలని ఈమధ్య ఆపి, ఇంటికొచ్చి విచారించాకే వదులుతున్నారు. అట్లాగే 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొనుక్కున్న భూమికి ఈ పథకం వర్తించదు. ఆ తర్వాత తండ్రి చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి వర్తిస్తుంది. ఈ తేడా చాలా ముఖ్యం, దరఖాస్తులో వారసత్వం అని స్పష్టంగా రాయించుకోండి.

కౌలు రైతుకి పీఎం కిసాన్‌లో చోటు లేదు. సాగు చేసేవాడు ఒకడు, డబ్బు తీసుకునేవాడు ఒకడు అవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఆంధ్రలో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సీసీఆర్‌సీ అనే పంట సాగుదారు హక్కు కార్డు తీసుకున్న కౌలు రైతుకి రాష్ట్రం పథకంలో దారి ఉంది. కార్డు 11 నెలలే చెల్లుతుంది, భూమి యజమాని సంతకం కావాలి. యజమానికి "నీ భూమి మీద నాకు హక్కు రాదు, ఇది పంట మీద కాగితమే" అని ముందే నచ్చజెప్పుకోవాలి, చట్టం కూడా ఆ మాటే చెబుతుంది. కార్డుతోపాటు ఈ-పంటలో, అంటే ఎవరు ఏ పంట వేశారో రాసే ప్రభుత్వ నమోదులో, మీ పేరున నమోదు జరగాలి.

మూడో అడుగు: భూమి రికార్డు

స్టేటస్‌లో 'ల్యాండ్ సీడింగ్ నో' ఉంటే పని ఇక్కడుంది.

ఆంధ్రలో మీభూమి సైటులో 1బీ, అడంగల్ అనే భూమి రికార్డు కాగితాలు తీసి చూసుకోండి. మూడు సంగతులు సరిచూడాలి. మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, విస్తీర్ణం సరిగా ఉందా, మీ భూమి ఖాతా నంబరుకి (బ్యాంకు ఖాతా కాదు) మీ ఆధారే ఎక్కించారా. మూడోది చాలామంది చూడరు. వెబ్‌ల్యాండ్ అనే ప్రభుత్వ భూమి రికార్డులో ఒకరి ఖాతాకి ఇంకొకరి ఆధార్ ఎక్కిన కేసులు బోలెడున్నాయి. మా మేనమామ భూమికి ఊళ్లో అదే పేరున్న మరో మనిషి ఆధార్ పడింది. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, తండ్రుల పేర్లే వేరు. రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడు గంటసేపు స్క్రీన్ చూసి "బాబాయ్, ఈ నాలుగంకెలు నీవి కావు కదా" అని ఆధార్ చివరి అంకెలు చూపించాక గానీ మాకు తెలియలేదు. సరిచేయాల్సింది మాత్రం రెవెన్యూ వాళ్లు. సచివాలయంలో అర్జీ పెట్టి, వీఆర్ఓ విచారణ అయ్యి, తహసీల్దార్ లాగిన్‌లో ఆమోదం పడాలి.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పట్టాదారు పాస్‌బుక్ నంబరుతో అందులో మీ భూమి చూసుకోండి. రైతుభరోసాకి ఇదే ఆధారం. ఇళ్ల ప్లాట్లు, లేఅవుట్లు, రోడ్లు, పరిశ్రమల కింద పోయిన భూములని సర్వే చేసి తీసేశారు. మీ సాగు భూమిని పొరపాటున సాగుకి పనికిరానిదిగా రాసుంటే పంట ఉన్నప్పుడే పొలంలో నిలబడి ఫోటో తీసుకుని ఏఈఓకి అర్జీ ఇవ్వండి. కోత అయిపోయాక నిరూపించడం కష్టం.

చనిపోయినవాళ్ల పేరు మీద భూమి ఉంటే ఏ పథకమూ కదలదు. మావైపు ఫౌతీ అంటాం, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పెట్టి వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి. అన్నదమ్ములు పంపకాలు తేలలేదని ఏళ్ల తరబడి వదిలేస్తారు. ఆ ఏళ్లన్నీ ప్రతి సీజన్ డబ్బూ పోతూనే ఉంటుంది. తెలంగాణలో కొత్త పాస్‌బుక్ రాగానే దాని జిరాక్సు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సు కలిపి ఏఈఓకి ఇవ్వాలి. పాస్‌బుక్ వచ్చిందంటే రైతుభరోసా దానంతటదే వస్తుందనుకోవద్దు.

ఇంకో పని కూడా ఇప్పుడే చేసేయండి. రెండు రాష్ట్రాల్లోనూ 2025 నుంచి రైతు రిజిస్ట్రీ నడుస్తోంది, ప్రతి పట్టాదారుకీ ఒక విశిష్ట సంఖ్య ఇస్తున్నారు. ఆధార్, పాస్‌బుక్, ఆధార్‌కి లింకైన ఫోన్ తీసుకెళ్తే రైతు సేవా కేంద్రంలోనో, ఏఈఓ దగ్గరో, మీసేవలోనో అయిపోతుంది.

నాలుగో అడుగు: ఈ-కేవైసీ

ఇందులో మూడు దారులున్నాయి. ఆధార్‌కి ఫోన్ లింకై ఉంటే సైటులోనే ఓటీపీతో రెండు నిమిషాల పని. లేకపోతే కామన్ సర్వీస్ సెంటర్‌లో వేలిముద్ర. అదీ కుదరకపోతే పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసేది, 2023 నుంచి వచ్చింది.

మూడో దారి గురించి కొంచెం చెప్పాలి. మా అమ్మ పాతికేళ్లుగా మిరపకాయలు కోస్తోంది. వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయాయి, గీతలు కనపడవు. సెంటర్‌లో ఒక్కో వేలూ మార్చి మార్చి పెట్టించారు. తడిగుడ్డతో తుడిచారు, కొబ్బరినూనె రాశారు, ప్రతిసారీ మిషన్ ఎర్రలైటే. పక్కన క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటుంటే అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని చీర కొంగులో దాచుకుంది. పని చేసిన చేతులని దాచుకోవాల్సి రావడం చూసి నాకు చాలా బాధేసింది. ఇంటికొచ్చి యాప్‌లో ఫేస్ అథెంటికేషన్ పెట్టాం. వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టి, కళ్లు ఆర్పమంటే ఆర్పింది, ఒక నిమిషంలో అయిపోయింది. కాబట్టి వేలిముద్ర పడని పెద్దవాళ్లని పదిసార్లు తిప్పకండి. ఒక ఫోన్ నుంచి ఊళ్లో వేరేవాళ్లకి కూడా చేయొచ్చు.

ఐదో అడుగు: ఆధార్ ఏ బ్యాంకుకి ముడిపడి ఉంది?

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది, ఎక్కువమందికి అర్థం కానిదీ ఇదే.

పీఎం కిసాన్ డబ్బు ఇప్పుడు మీరిచ్చిన ఖాతా నంబరు చూసి రాదు. ఆధార్ నంబరు చూసి వస్తుంది. ఏ ఆధార్ ఏ బ్యాంకుకి వెళ్లాలో ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర ఒక పట్టిక ఉంటుంది, మ్యాపింగ్ అంటారు. ఒక ఆధార్‌కి ఒక బ్యాంకే. మీకు మూడు ఖాతాలుంటే, చివరగా ఏ బ్యాంకు ఆ పట్టికలో మీ ఆధార్ ఎక్కించిందో డబ్బు దానికే పోతుంది.

మా నాన్నకి వరసగా మూడు విడతలు రాలేదు. స్టేటస్‌లో మాత్రం డబ్బు జమ అయినట్టే ఉంది. బ్యాంకులో అడిగితే "మా దగ్గరికి రాలేదు" అన్నారు, పుస్తకం ప్రింట్ తీస్తే నిజంగానే లేదు. ఎవరో తినేశారని నాన్న గట్టిగా నమ్మారు. చివరికి ఆధార్ సైటులో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే వేరే బ్యాంకు పేరుంది. ఆ ఖాతా మేం మర్చిపోయాం. ఎప్పుడో ఊళ్లో క్యాంపు పెట్టి జీరో బ్యాలెన్స్ ఖాతాలు తెరిచినప్పుడు నాన్న కూడా వేలిముద్ర వేసి వచ్చారు. ట్రంకుపెట్టెలో పాత కాగితాల అడుగున ఆ పుస్తకం దొరికింది. వెళ్లి ప్రింట్ వేయిస్తే 6,000 భద్రంగా ఉన్నాయి, పైన గ్యాస్ సబ్సిడీ కూడా. నాన్న ఆ పుస్తకాన్ని రెండుసార్లు తిప్పి చూసి ఏమీ అనలేదు.

కాబట్టి డబ్బు రాలేదని ఫిర్యాదు చేసేముందు ఈ పని చేయండి. మైఆధార్ సైటులో ఆధార్ నంబరు, ఓటీపీతో లోపలికెళ్లి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే బ్యాంకు పేరు, యాక్టివ్ అవునో కాదో వస్తుంది. మామూలు ఫోన్ అయితే *99*99*1# కొట్టి ఆధార్ నంబరు ఇవ్వాలి. బ్యాంకు మార్చుకోవాలంటే, డబ్బు కావాల్సిన బ్యాంకులో "డీబీటీ కోసం ఆధార్ సీడింగ్" అని అర్జీ రాసివ్వండి, డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం. "ఆధార్ లింకు చేయండి" అని మాత్రమే అడగొద్దు. ఖాతాకి ఆధార్ కలపడం వేరు, ఎన్‌పీసీఐలో మ్యాపింగ్ చేయడం వేరు. మొదటిది చేసి "అయిపోయింది, వెళ్లండి" అంటారు, డబ్బు మళ్లీ పాత బ్యాంకుకే పోతుంది. అర్జీ మీద స్టాంపు వేయించుకుని, వారం తర్వాత మళ్లీ సైటులో చూసుకోండి.

ఆరో అడుగు: ఖాతా బతికే ఉందా?

రెండేళ్లు లావాదేవీ ఏమీ జరగని ఖాతాని బ్యాంకు నిద్రాణ ఖాతాగా మారుస్తుంది. ఆధార్, ఫోటోలతో వెళ్లి కేవైసీ ఇచ్చి, వంద రూపాయలు వేసి తీస్తే లేస్తుంది.

రైతుభరోసా విషయంలో మీరు ఏఈఓకి ఇచ్చిన ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చూసుకోవాలి. బ్యాంకులు కలిసిపోయినప్పుడు ఇవి మారాయి. ఆంధ్రాబ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. తెలంగాణలోని ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. ఆంధ్రలో నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఒక్కటయ్యాయి. మీ పుస్తకం పాతదైతే కొత్తది తీసుకుని, కొత్త కోడ్‌తో వివరాలు మార్పించుకోండి.

డబ్బు పడింది గానీ పంట రుణం కింద పట్టుకున్నారంటే మేనేజర్‌కి రాతపూర్వకంగా అడగండి. రైతుబంధు సమయంలో అలా జమ చేసుకోవద్దని ప్రభుత్వమే బ్యాంకులకి చెప్పింది. కౌంటర్ దగ్గర గొడవ పడితే పని కాదు, రాసిచ్చిన అర్జీకి ఎవరో ఒకరు జవాబివ్వాలి.

వాట్సాప్ లింకులతో జాగ్రత్త

విడత దగ్గర పడేసరికి "పీఎం కిసాన్ కొత్త యాప్" అంటూ ఏపీకే ఫైళ్లు గ్రూపుల్లోకి వస్తాయి. నొక్కితే ఫోన్ వాళ్ల చేతిలోకి పోతుంది, ఖాతా ఖాళీ అవుతుంది. పంపింది మీ బావమరిదే అయినా నొక్కొద్దు, ఆయన ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలో ఉండొచ్చు. యాప్ కావాలంటే ప్లేస్టోర్‌లోనే తీసుకోండి. డబ్బు పోతే ఆ నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి.

అయినా కదలకపోతే

పీఎం కిసాన్ సైటులోనే ఫిర్యాదు పెట్టే చోటుంది, స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని అక్కడ రాయండి. తర్వాత సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లండి, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ ఒక పేజీ మించొద్దు. పేరు, ఊరు, పాస్‌బుక్ లేదా ఖాతా నంబరు, పథకం పేరు, రాని విడత, ఏ గేటు దగ్గర ఆగింది, అంతకుముందు ఏ తేదీన ఏ ఆఫీసులో ఇచ్చారు. కష్టాలన్నీ రాయాలనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ చదివేవాళ్లకి తేదీలూ నంబర్లే పనికొస్తాయి. రసీదు నంబరు తీసుకోకుండా మాత్రం బయటికి రావొద్దు.

లోపం సరిచేసుకున్నాక పీఎం కిసాన్‌లో ఆగిపోయిన పాత విడతలు కూడా కలిపి పడతాయి, అర్హత ఉన్న కాలానికి. ఊరు మొత్తానికి వేసే రోజునే పడాలని లేదు, మామూలు రోజున చడీచప్పుడు లేకుండా పడొచ్చు. రాష్ట్ర పథకాలు మాత్రం సీజన్ లెక్కన నడుస్తాయి, గడువు దాటితే పాతది వస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. అందుకే రైతుభరోసా, సుఖీభవ పనులు ముందు చూసుకుని, పీఎం కిసాన్ పని తర్వాత పట్టుకోండి. మా ఇంటికి వచ్చేవాళ్లకి నేను చెప్పే వరస అదే.